మోకాలి ఆపరేషను, దాని వెనుక వచ్చే నీరసం

(టెక్కలి, పలాస ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మేము ఈ వేదిక ఎక్కినప్పుడల్లా ఆడిట్ అభ్యంతరాలు, బకాయిలు, మహాజన సభ తీర్మానాలు, ఇవే మాట్లాడుతూ వచ్చాము. ఈ రోజు వేరే సంగతి. కూర్చుని మాట్లాడుతున్నందుకు మన్నించాలి. కుడి మోకాలు మార్పించుకుని నాలుగు నెలలైంది. మోకాలు బాగానే ఉన్నది. మమ్మల్ని పడగొట్టినది దాని వెనుక వచ్చిన నీరసం. ఆసుపత్రిలో కట్టు విప్పేటప్పుడు కూడా ఆ సంగతి ఎవరూ మాతో అనలేదు.

మన ప్రాంతంలో మోకాళ్లు అరగడానికి కారణాలు వెతకనక్కరలేదు. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టేవారు పొద్దస్తమానం నేల మీదనే. ఇళ్లలో ఆడవారు పూటకోసారి గేదె పక్కన గొంతుకు కూర్చుని పాలు తీస్తారు. కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో కృత్రిమ మోకాళ్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. ఇప్పుడు మన సంఘాలలోనే ఈ ఆపరేషను చేయించుకున్నవారు కనబడుతున్నారు. అరిగిన ఎముక చివరలు చెక్కి, లోహపు తొడుగు వేసి, నడుమ గట్టి ప్లాస్టిక్ అమర్చుతారు. మరునాడే నిలబెట్టి నడిపిస్తారు. అది చూసి మనం పని అయిపోయిందనుకుంటాము. పొరపాటు అక్కడే.

మూడో వారంలో మా పరిస్థితి వినండి. స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చుంటే తువాలు మడత పెట్టే ఓపిక లేదు. దినపత్రిక నాలుగు లైన్లు చదివేసరికి కళ్లు మూతలు పడేవి. రాత్రి మాత్రం నిద్ర రాదు, కాలు ఎటు పెట్టినా నొప్పే. ముప్పై ఏళ్లు సైకిలు మీద, స్కూటరు మీద సంఘాలు తిరిగిన మనిషిమి, ఇక పనికిరామేమో అని లోపల బెంగ. ఇంటావిడ ఒక మాట అన్నది: “ఈనిన గేదెను మనం మేతకు దూరం తోలము గదా, మీరు మాత్రం పదో రోజునే ఆఫీసు ఫైళ్లు తెమ్మంటారేమి?” దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

తరువాత డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నాము. ఆపరేషనులో, ఆ తరువాత కొంత రక్తం పోతుంది. ఎముక, కండ మానడానికి ఒళ్లు తన బలమంతా అటు మళ్లిస్తుంది. నొప్పి మాత్రలలో కొన్ని మగతగా ఉంచుతాయి. నోరు చవి చచ్చి తిండి తగ్గుతుంది. నిద్ర ఉండదు. ఇవన్నీ కలిసినదే ఆ నిస్సత్తువ. మొదటి ఆరు వారాలు ఎక్కువ, కొందరికి మూడు నెలలు కూడా పట్టవచ్చు. మాకు రక్త పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ పది కంటే తక్కువ వచ్చింది. ఐరన్ మాత్రలు ఇచ్చారు. పాల సంఘం సభలో అనకూడని మాట ఒకటి ఇక్కడ అనాలి: ఐరన్ మాత్రను పాలతో వేసుకోకండి, టీతో అసలే వద్దు. వంటికి సరిగా పట్టదు. నిమ్మరసంతో వేసుకుని, పాలు రెండు గంటల తరువాత తాగండి. పాలు, గుడ్డు, పప్పు, చేప, చోడి అంబలి, ఏదైనా కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు తినడం మాకు పనికి వచ్చింది.

పని విషయంలో మేము పట్టిన పద్ధతి ఇది. ఓపిక ఎక్కువ ఉండేది పొద్దున్న, అందుచేత వ్యాయామం అప్పుడు. ఇరవై నిమిషాలు చేసి, కాలు ఎత్తులో పెట్టుకుని విశ్రాంతి. దిండు మడమ కింద పెట్టాలి, మోకాలి కింద కాదు. మోకాలి కింద పెడితే హాయిగా ఉంటుంది గాని కాలు వంగి ఉండిపోతుంది. పగటి నిద్ర అరగంట దాటనీయలేదు. ఒక రోజు ఓపికగా ఉందని ఎక్కువ నడిచాము, మరునాడు మోకాలు ఉబ్బి రెండు రోజులు మంచమే. అప్పటి నుంచి మరునాటి వాపును చూసి ఆ రోజు నడక నిర్ణయించేవారము. అలాగని బొత్తిగా పడుకుంటే మోకాలు బిగిసిపోతుంది.

అసలు చెప్పవలసినది ఇప్పుడు చెబుతాము. కవిటి వైపు మన సభ్యురాలు ఒకామెకు ఇదే ఆపరేషను అయింది. పదిహేనో రోజున గేదె కింద కూర్చున్నది. “నేను తప్ప ఇంకొకలు కూకుంటే చేపదు బాబూ, పాలాగిపోతే బోనసు పోతాది” అన్నది. నొప్పికి, నీరసానికి కలిపి మందుల దుకాణంలో అడిగి నెలన్నర మాత్రలు మింగింది. కాళ్లు, ముఖం వాచాయి. పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. అంతా మాత్రల వల్లనే అని డాక్టరు అనలేదు. లోపల ముందే ఏమైనా ఉన్నదేమో ఆమె ఎన్నడూ పరీక్ష చేయించుకోలేదు. ఉద్దానంలో ఆ మాట ఎంత బరువైనదో మీకు మేము చెప్పనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చినది ఈ జబ్బు కోసమే గదా. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బ తీయగలవు, నీరు తక్కువ తాగేవారిని మరీను. ఆపరేషనుకు ముందు, తరువాత క్రియాటినిన్ చూపించుకోండి. ఉద్దానం వారమని డాక్టరుకు చెప్పండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు పాలు, గుడ్డు, పప్పు ఎంత తినాలో, నీరు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి, మా మాట చెల్లదు.

పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, గుండెలో నొప్పి వచ్చినా, గాయం నుంచి రసి కారినా, జ్వరం తగలినా అది నీరసం కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బోనసు సంగతి మా శాఖది గనుక చెబుతున్నాము. మీ పశువు పాలు మీ ఇంటివారు ఎవరు తెచ్చి పోసినా మీ సభ్యత్వ నంబరు మీదనే రాయించుకోవచ్చు. మంచాన ఉన్న సభ్యులు కార్యదర్శికి ఒక కాగితం రాసి ఇవ్వండి, పాసు పుస్తకం పంపండి. గేదె చేపడానికి కొత్త చెయ్యి అలవాటు కావాలంటే ఆపరేషనుకు నెల ముందే కోడలినో కొడుకునో పక్కన కూర్చోబెట్టండి. ఆ తరువాత మీరు మళ్లీ పాలు తీసినా గొంతుకు కూర్చోవద్దు, ఎత్తు పీట చేయించుకోండి.

కార్యదర్శులకు ఒక మనవి. సేకరణ కేంద్రం దగ్గర చేతులున్న కుర్చీ ఒకటి వేయించండి. ఈ వారం మేము చూసిన ఆరు కేంద్రాలలో ఒక్కచోటనే ఉన్నది, దాని మీద పాల క్యాను పెట్టి ఉన్నది.