డ్రాయింగ్ క్లాసుకి వెళ్లకుండా రియలిస్టిక్‌గా బొమ్మలు గీయడం వస్తుందా?

ఉయ్యూరు నుంచి మాట్లాడుతున్నాను.

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, నాకు బొమ్మలంటే పిచ్చి. మా ఊళ్లో నేర్పేవాళ్లు లేరు. పాతికేళ్లు దాటాయి, జాబ్ కూడా ఉంది. ఇప్పుడు మొదలుపెడితే ఉన్నది ఉన్నట్టు గీయగలనా?"

జవాబు ముందే చెప్పేస్తా. గీయగలరు. కాకపోతే మీరు ప్రాక్టీస్ చేయాల్సింది చెయ్యి కంటే ముందు కన్ను.

వయసు సంగతి చూద్దాం. వాన్ గో పేరు వినే ఉంటారు. ఆర్టిస్ట్ అవ్వాలని ఆయన నిర్ణయించుకున్నది 1880లో, 27 ఏళ్ల వయసులో. అంతకుముందు బొమ్మలు అమ్మే కంపెనీలో పనిచేశాడు, పాఠాలు చెప్పాడు, మతబోధ కూడా చేశాడు. మొదట్లో ఆయనకి గురువు ఒక పుస్తకమే. చార్లెస్ బార్గ్ అనే ఫ్రెంచ్ ఆర్టిస్ట్ తయారుచేసిన డ్రాయింగ్ కోర్సు అది. అందులో బొమ్మలు చూసి గీస్తూ పోయాడు. చనిపోయిన 1890లో కూడా మళ్లీ అవే తీసి గీశాడు. అంటే బేసిక్స్ అనేవి ఒకసారి పాసై వదిలేసే సబ్జెక్ట్ కాదన్నమాట.

మన దగ్గరకి వద్దాం. రవివర్మ లక్ష్మి, సరస్వతి బొమ్మలు మన దేవుడి గదుల్లో, క్యాలెండర్లలో చూస్తూనే పెరిగాం. 1868లో తిరువాన్కూరు ఆస్థానానికి థియోడర్ జెన్సన్ అనే ఆయిల్ పెయింటర్ వచ్చాడు. ఆయన రవివర్మకి పాఠాలు చెప్పలేదు, తను వేస్తుంటే చూడనిచ్చాడంతే. రవివర్మ చూసి, ఇంటికొచ్చి వేసి, తప్పయితే మళ్లీ వేసి నేర్చుకున్నాడు. సొంతంగా నేర్చుకోవడం అంటే ఎవర్నీ చూడకుండా నేర్చుకోవడం కాదు ఫ్రెండ్స్. బాగా వేసేవాళ్లని శ్రద్ధగా చూడటం కూడా అందులో భాగమే.

సరే, అసలు బొమ్మ ఎందుకు తేడా కొడుతుంది? మన బుర్ర షార్ట్‌కట్లు వాడుతుంది కాబట్టి. కన్ను అనగానే బాదంకాయ షేపు, చెట్టు అనగానే కర్ర మీద మబ్బు. ఎదురుగా ఉన్నదాన్ని వదిలేసి బుర్రలో సేవ్ అయిన ఐకాన్ గీసేస్తాం. ఒక చిన్న టెస్ట్ చేయండి. ఎవరినైనా మొహం గీయమంటే కళ్లని నుదుటి దగ్గరికి తీసుకెళ్లి పెడతారు. నిజానికి పెద్దవాళ్ల తలలో, నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే, కళ్లు దాదాపు సరిగ్గా మధ్యలో ఉంటాయి. అద్దం ముందు నిలబడి మీరే కొలుచుకోండి.

దీనికి మందు కొలత. పెన్సిల్ పట్టుకుని చెయ్యి పూర్తిగా చాపండి, మోచెయ్యి వంచకూడదు. ఒక కన్ను మూసి చెంబు వెడల్పు కొలవండి. ఎత్తులో అది ఎన్నిసార్లు పడుతుందో చూడండి. అదే లెక్క పేపర్ మీద రావాలి. రెండోది, వస్తువుని కాకుండా దాని చుట్టూ ఉన్న ఖాళీని గీయండి. కుర్చీ కాళ్ల మధ్య సందుకి పేరుండదు కాబట్టి దానికి బుర్రలో ఐకాన్ కూడా ఉండదు. అందుకే కరెక్ట్‌గా వస్తుంది. ఇదంతా కోడ్‌లో బగ్ వెతకడం లాంటిదే. రావాల్సింది ఏంటి, వచ్చింది ఏంటి, తేడా ఎక్కడ? "నాకు టాలెంట్ లేదు" అనుకుంటే తేడా దొరకదు. "ఎడమ అంచు కాస్త ఎక్కువ వాలింది" అనుకుంటే దిద్దుకోవచ్చు.

తర్వాత వెలుగు నీడలు. రంగుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఒక బెల్లం అచ్చు, ఒక స్టీలు గ్లాసు, ఒక కోడిగుడ్డు తెచ్చుకోండి. ఒకవైపు నుంచే వెలుగు పడేలా కిటికీ పక్కన పెట్టండి. కళ్లు సగం మూసి చూస్తే చిన్న చిన్న డీటెయిల్స్ పోయి, వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అన్నదే మిగులుతుంది. ముందు ఆ రెండూ విడగొట్టండి. గుడ్డు అడుగున, నీడ వైపు, బల్ల మీద నుంచి తిరిగొచ్చే కొద్దిపాటి వెలుగు కనిపిస్తుంది. అది పట్టుకున్న రోజు మీ గుడ్డు గుండ్రంగా నిలబడుతుంది. 2బి, 6బి పెన్సిళ్లు, మామూలు పేపర్ చాలు.

యూరప్ స్కూళ్లలో దీనికోసం తెల్లటి ప్లాస్టర్ విగ్రహాలు పెట్టి గీయించేవాళ్లు. తెలుపైతే రంగు గొడవ ఉండదు, నీడ ఒక్కటే కనపడుతుంది. మనకి అలాంటిది బందరు రోడ్డు మీదే ఉంది. విజయవాడ బాపు మ్యూజియంలో అల్లూరు నుంచి వచ్చిన నిలువెత్తు బుద్ధుడి విగ్రహం ఉంది, తెల్ల సున్నపురాయి. ఆ చీవరం మడతల్ని ఒక అరగంట ఊరికే చూసి రండి. గీయాలనుకుంటే అక్కడి సిబ్బందిని అడిగి మొదలుపెట్టండి. ఇక పెయింటింగ్ ఒరిజినల్స్ చూడాలంటే రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. ఆయన 1925లో, ఇంకా 28 నిండకుండానే చనిపోయారు. బ్రష్ ఎక్కడ ఆగింది, ఎక్కడ పొర మీద పొర వేశారు అనేది స్క్రీన్ మీద తెలీదు, గోడ మీదే తెలుస్తుంది.

ఇప్పుడు ఫోన్ గురించి. మనలో చాలామంది ఫొటో పెట్టుకుని గళ్లు కొట్టి గీస్తారు, లేదా ట్రేస్ చేస్తారు. ఆర్డర్ తీసుకుని పోర్ట్రెయిట్ ఇవ్వడానికి అది పనికొస్తుంది, తప్పేం లేదు. కానీ కన్ను నేర్చుకోవాల్సిన పని మొత్తం గళ్లే చేసేస్తాయి. ఎదురుగా అమ్మమ్మ కూర్చుంటే గీత పడదు. పైగా ఫోన్ కెమెరా నీడల్ని దానంతట అదే వెలిగిస్తుంది. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. మీరు గీసేది మనిషిని కాదు, ఫోన్ చూసిన మనిషిని.

అలాగని ఫోన్ పక్కన పడేయమనను. గీశాక మీ బొమ్మని ఫొటో తీసి ఎడమ కుడి తిప్పి చూడండి, వంకర వెంటనే బయటపడుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి, నీడ సరిపోయిందో లేదో తెలుస్తుంది. ఫోన్‌తో గీయించుకోవద్దు, పేపర్ దిద్దించుకోండి.

రంగుల్లోకి వెళ్లేటప్పుడు కూడా మొదట ఒక ముదురు గోధుమ రంగు, ఒక తెలుపుతో బొమ్మ మొత్తం పూర్తి చేయండి. ఆ తర్వాతే మిగతావి.

"ఏఐ సెకన్లలో బొమ్మ ఇస్తుంటే ఇంత కష్టం ఎందుకన్నా?" అని కూడా అడుగుతున్నారు. బొమ్మ మాత్రమే కావాలంటే నిజంగానే అక్కర్లేదు. కానీ అమ్మమ్మ ఎదురుగా గంటసేపు కూర్చుని ఆ చేతి మీద ముడతలు ఎటు తిరిగాయో చూశారనుకోండి, ఆ చూపు మీకు మిగిలిపోతుంది. రోజంతా స్క్రీన్లు చూసే మనకి ఆ గంట దొరకడమే కష్టంగా ఉంది.

ఈ వారానికి పని: రోజూ అరగంట, ఒకే గుడ్డు, ఏడు బొమ్మలు. ప్రతి దాని మీద తేదీ వేయండి, ఏదీ చించొద్దు. ఏడో రోజు మొదటిదాని పక్కన పెట్టి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో మొహం గీద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.