రేపటికొక పని

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగినప్పుడు, బొగ్గు బాయిలో ముప్పయ్యేళ్లకు పైగా చేసి దిగిపోయిన మేము ఏం చెప్పగలమని వెనుకాడినాము. కాని దిగిపోయిన తర్వాత మనిషికి ఏమవుతుందో మాకు తెలుసు. అది మనవి చేస్తాము. దానితో పాటు జపాను వాళ్ల మాట కూడా ఒకటి చెబుతాము.

మస్టరు ఆగిపోయిన మరునాడు కూడా తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చింది. ఫస్టు షిఫ్టు అలవాటు. లేచి కూర్చున్నాము. టిఫిన్ డబ్బా సర్దే పని లేక మా ఇంటావిడ కూడా కూర్చుంది. ఎక్కడికి పోవాలో తెలియలేదు.

మాతో పాటు అదే నెలలో దిగిన మిత్రుడొకరు మంచిర్యాలలోనే ఇల్లు కట్టుకున్నారు. పైసలకు లోటు లేదు, కొడుకులు మంచివాళ్లు. పొద్దంతా వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ ఉండేవారు. రెండేళ్లు తిరగకముందే పోయారు. డాక్టర్లు గుండె జబ్బన్నారు. వారి మాట మేము కాదనము. కాని ఆ రెండేళ్లలో "భాయీ, నీతో పనుంది, రా" అని పిలిచిన మనిషి లేడు. పిలవని వాళ్లలో మేమూ ఉన్నాము. ఈ మాట చెప్పడానికే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాము.

జపాను భాషలో 'ఇకిగాయ్' అనే మాట ఉంది. 'ఇకి' అంటే బ్రతకడం, 'గాయ్' అంటే దాని విలువ. పొద్దున లేవడానికి ఉన్న కారణం అనుకోండి. నాలుగు వలయాల బొమ్మ ఒకటి ఫోన్లలో తిరుగుతున్నది. నచ్చిన పని, చేతనైన పని, లోకానికి కావలసిన పని, పైసలిచ్చే పని కలిసిన చోటే ఇకిగాయ్ అని అందులో ఉంటుంది. ఆ బొమ్మ జపాను వాళ్లది కాదు, 2014లో పాశ్చాత్యులు ఒకరు తయారుచేసినది. పైసలొస్తేనే ఇకిగాయ్ అయితే దిగిపోయిన వాళ్లకు అది దక్కనే దక్కదు. మనవడిని బడికి తీసుకుపోవడం, పెరట్లో కాయగూరలు పెంచడం కూడా జపాను ముసలివాళ్లకు ఇకిగాయే.

మియెకో కమియా అనే వైద్యురాలు నాగషిమా దీవిలోని కుష్ఠు రోగుల ఆసుపత్రిలో పనిచేసి, 1966లో ఈ విషయం మీద ఒక పుస్తకం రాశారు. ఒంటికి పెద్ద బాధ లేకున్నా బ్రతుకు మీద రుచి పోయినవారిని అక్కడ చూశారు. ఎంతో బాధలోనూ సంతోషంగా ఉన్నవారినీ చూశారు. అదే ఆసుపత్రిలో చూపు పోయిన రోగులు కొందరు కలిసి మౌత్ ఆర్గన్ వాయించే బృందం పెట్టుకున్నారు.

జపానులోనే ఒసాకి ప్రాంతంలో 43,391 మందిని "మీకు ఇకిగాయ్ ఉన్నదా?" అని అడిగి, ఏడేళ్లు గమనించారు. 2008లో ఫలితం ప్రకటించారు. లేదన్నవారిలో మరణాలు ఎక్కువ. ఆరోగ్యం, అలవాట్లలోని తేడాలు లెక్కలో తీసుకున్నా ఆ తేడా నిలిచింది.

ఒకినావా దీవుల్లో 'మొఆయ్' అని ఉంటుంది. మన చిట్టీ వంటిదే. నెలనెలా కలుస్తారు, తలా ఇంత వేస్తారు, ఒకరి కష్టసుఖాలు ఒకరు చూసుకుంటారు. కడుపు నిండకముందే, రూపాయిలో పన్నెండణాల పైచిలుకు కాగానే, ముద్ద ఆపాలని వాళ్ల పెద్దల మాట. అయితే అక్కడా తిండీ అలవాట్లూ మారినాక, 2000 సంవత్సరం లెక్కల్లో ఒకినావా మగవాళ్ల ఆయుర్దాయం జపాను జిల్లాలన్నిటిలో 26వ స్థానానికి పడిపోయింది. కాబట్టి ఇకిగాయ్ ఉన్నదని బీపీ, షుగరు మాత్రలు మానుకోకండి.

జపాను దాకా ఎందుకు? మన పాత ఆదిలాబాదు జిల్లా వాంకిడిలో 1915లో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ గారిని చూడండి. 1952లో ఆసిఫాబాదు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలారు. చేనేత కార్మికుల సహకార సంఘాల కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. తొంభై దాటిన వయసులో ఢిల్లీకి పోయి జంతర్ మంతర్ దగ్గర దీక్షకు కూర్చున్నారు. 2012 సెప్టెంబరు 21న, 97 ఏళ్లు నిండటానికి ఆరు రోజుల ముందు కన్నుమూశారు. తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది, ఆయన చూడలేదు. అయినా ఆయనకు పని లేని ముసలితనం రాలేదు.

అంత పెద్ద పని అందరికీ దొరకదు. మా సంగతే చెబుతాము. ఒకనాడు పెన్షన్ కోసం బ్యాంకుకు పోతే, ఒక తల్లి ఫారం చేతిలో పట్టుకుని "భాయ్‌సాబ్, జర రాసిపెట్టండి" అన్నది. రాశాము. వెనకాల ఇంకో ఇద్దరు నిలబడ్డారు. మరుసటి నెల వాళ్లే మమ్మల్ని వెతుక్కున్నారు. ఇప్పుడు నెల మొదట్లోనూ, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల వేళలోనూ మా జేబులో రెండు పెన్నులుంటాయి. ఇదేమీ ఘనకార్యం కాదు. కాని తెల్లవారి లేస్తే ఎక్కడికి పోవాలో తెలుసు.

అందుకని మన సంఘానికి ఒక మనవి. ఒక రిజిస్టరు పెట్టండి. ఒక పేజీలో పెద్దల పేర్లు, ఎవరికి ఏ పని వచ్చునో రాయండి: ఫిట్టరు పని, కరెంటు పని, కుట్టు, లెక్కలు, ఉర్దూ చదువు, దావత్ వంట. ఎదుటి పేజీలో ఆ పని కావలసిన ఇండ్లు రాయండి. కొడుకులు గల్ఫ్‌కు పోయి ఒంటరిగా ఉన్న తల్లుల పేర్లు మొదటి పేజీలోనే ఉండాలి. వాళ్ల చేతుల్లో ఎంత విద్య ఉన్నదో మనం అడగలేదు.

రెండు రోజులు కనబడని పెద్దమనిషి ఇంటికి మూడో రోజు ఒకరు పోవాలి. బాగున్నారా అని అడిగి తిరిగి రావద్దు. "మీతో పనుంది, రేపు రండి" అని చెప్పి రావాలి. ఆ మాట మా మిత్రునికి మేము చెప్పలేకపోయాము. మీరు చెప్పండి.