కవిటి డాబా మీది డిష్

 

పరాయి దేశంలో ఉద్యోగం చేస్తూ, కవిటిలో మా ఇంటి టీవీని అక్కడ చూడాలనుకున్నాను. డాబా మీది డిష్ 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం నుంచి సిగ్నల్ అందుకుంటుంది. సెలవుల్లో వచ్చినప్పుడు రిసీవర్ పసుపు వైరును పాత కంప్యూటర్‌లోని క్యాప్చర్ కార్డుకు కలిపాను. బొమ్మను ఉన్నదున్నట్టు పంపాలంటే సెకనుకు సుమారు 166 మెగాబిట్లు కావాలి. మా లైను మోసేది ఒక్కటే. అందుకని ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య మారినంత మేరకే పంపేలా కంప్యూటర్ కుదించేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. వానకు బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగింది. తర్వాత కరెంటు పోయి తెర నల్లబడింది. అమ్మ గొంతు వినడానికి మూడు రోజులు పట్టింది.

"కొబ్బరి చెట్లన్నీ పడిపోనాయిరా. మేం బాగున్నాం."

ఇన్నాళ్లూ ఆ తెరలో ఇల్లు వెలుగుతోందా అనే చూసుకున్నానని అప్పుడు తెలిసింది. బ్యాటరీకి బల్బు కలపడం నేర్పిన మన సైన్సు మాస్టారికి నా వందనాలు.