కంప్యూటరు గ్రంథాలయాలు: తీసుకొన్నవారి బాధ్యత

(మన సంఘం ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఉగాది పచ్చడి తిని, పంచాంగం విని, భోజనాల పిలుపు కోసం ఎదురుచూస్తున్న సభలో కంప్యూటరు సంగతి ఎత్తడం సాహసమే. కాని కార్యదర్శిగారు పట్టుబట్టినారు. "చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి, ఏ ఊళ్ళో చూచినా మన పిల్లలు బెంగుళూరు వెళ్ళి ఈ పనే చేస్తున్నారు. వారు చేసేదేమిటో కన్నవారికి తెలియదు. అర్థమయ్యేటట్లు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. అందుకే ధైర్యం చేస్తున్నాను.

మా తాతగారు కదిరి ప్రాంతం నుండి వచ్చి బాగేపల్లిలో స్థిరపడినారు. మా పెదనాన్నగారు చింతామణిలో అంగడి పెట్టుకొన్నారు. ఒక సంక్రాంతికి వారింటికి వెళ్ళి, పండుగనాడు కూడా తప్పని పని ఒకటి చేసుకొంటున్నాను. ఆయన నా వెనుక నిలబడి చాలాసేపు చూచి అడిగినారు:

"ఏమప్పా, ఇదంతా నువ్వు రాసిందేనా?"

"లేదు పెదనాన్నా. నేను రాసింది కొంచెమే. మిగిలిందంతా ఎవరెవరో రాసి పెట్టింది."

"వాళ్ళకు దుడ్డు ఇచ్చినారా?"

"లేదు."

"పోనీ, ఒక మాట చెప్పినారా?"

"లేదు."

"మరి దీన్ని దొంగతనం అనరా?"

నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆనాడు ఆయనకు బాకీపడిన జవాబునే ఈనాడు మీ ముందు చెప్పబోతున్నాను.

లైబ్రరీ అంటే గ్రంథాలయమని మనందరికీ తెలుసు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసినది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగినది. ఒకరి ఇంట్లో మూలపడి ఉన్న పుస్తకం పదిమంది చేతిలో పడితే దాని విలువ పెరుగుతుందేగాని తరగదని ఆనాటి పెద్దలు నమ్మినారు. కంప్యూటరు పనివారు కూడా ఈ లైబ్రరీ అనే మాటనే వాడుతారు. తేడా ఒక్కటే. ఇందులో ఉండేవి చదివే పుస్తకాలు కావు, పనిచేసే పుస్తకాలు. తేదీలు లెక్కకట్టేది ఒకటి, పద్దులు కూడేది ఒకటి, రహస్యాన్ని తాళం వేసి పంపేది ఇంకొకటి. కొత్త ప్రోగ్రాము వ్రాసేవాడు వీటిని తెచ్చుకొని తన పనిలో అమర్చుకొంటాడు. ఇల్లు కట్టేవాడు ఇటుక బట్టీ కూడా తానే పెట్టుకోడు గదా!

ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1949లో ఎడ్‌సాక్ అనే కంప్యూటరు పనిచేయడం మొదలుపెట్టినది. మళ్ళీ మళ్ళీ కావలసి వచ్చే లెక్కలను అక్కడివారు చిల్లుల కాగితపు పట్టీల మీద ఎక్కించి భద్రపరచినారు. కావలసినవాడు కావలసిన పట్టీ తీసుకొని వాడుకొనేవాడు. ఆ పద్ధతిని వివరిస్తూ విల్క్స్, వీలర్, గిల్ అనే ముగ్గురు 1951లో పుస్తకమే వ్రాసినారు.

ఒకచోట పరీక్షకు నిలిచిన పనిని మరొకచోట వాడుకోవడంలో చిన్నతనం లేదనడానికి దూరదేశాలు వెళ్ళనక్కరలేదు. మన చిక్కబళ్ళాపురం ప్రక్కనే ముద్దేనహళ్ళి ఉన్నది. అక్కడ పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు మనవలెనే తెలుగుదేశం నుండి వచ్చినవారు. వరదనీటికి వాటంతట అవే తెరచుకొనే తలుపులను ఆయన 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి అమర్చినారు. అదే ఏర్పాటు తరువాత గ్వాలియరు దగ్గర తిగ్రా ఆనకట్టకు, ఆపైన మైసూరు కృష్ణరాజసాగరానికి పనికివచ్చినది. మూడవచోట వాడినందుకు ఆయనను సోమరి అన్నవారు లేరు.

ఇక పెదనాన్నగారి ప్రశ్న. ఇతరులు వ్రాసినది తీసుకోవడం దొంగతనం కాదా? యజమాని వద్దన్నది తీసుకొంటే దొంగతనమే. కాని ఈ గ్రంథాలయాలలో చాలా వాటికి యజమానులే అనుమతి పత్రం వ్రాసి జతపరచినారు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1983లో ఈ ఉద్యమానికి నాంది పలికినాడు. 1989లో జి.పి.ఎల్. అనే అనుమతి పత్రం వెలువడినది. దాని సారాంశం ఇది: "వాడుకో, విప్పి చూచుకో, మార్చుకో, పదిమందికీ పంచు. అయితే నీవు మార్చినదానిని పంచిపెట్టేటప్పుడు, నేను నీకిచ్చిన స్వేచ్ఛను నీవు వారికి ఇవ్వు." ఎం.ఐ.టి. అనుమతి వంటివి ఇంకా ఉదారమైనవి. వ్రాసినవారి పేరుతో ఉన్న హక్కు ప్రకటనను, అనుమతి మాటలను చెరపకుండా ఉంచితే చాలునంటాయి. కాబట్టి అనుమతి ఉన్నది. అనుమతితోపాటు షరతు కూడా ఉన్నది. ఆ షరతు చదవకుండా వాడేవాడిని గురించి మాత్రం పెదనాన్నగారి అనుమానం సరియైనదే.

ఈ పంపకం వలన మన తెలుగుకు ఏమి ఒరిగినదో చెబుతాను. 1990 తరువాతి తొలి సంవత్సరాలలో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావుగారు, ఆనందకిశోర్‌గారు ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాసే పద్ధతి ఒకటి ఏర్పరచినారు. ఆర్.టి.ఎస్. అంటే అదే. వారూ మనవలె ఊరు విడిచి వెళ్ళినవారే. తరువాత వెన్న నాగార్జునగారు పద్మ అనే పరికరం వ్రాసినారు. ఆ రోజులలో వార్తాపత్రికలు తలా ఒక రకం అక్షరాలు వాడేవి. వాటిని అందరికీ కనిపించే యూనికోడు తెలుగులోకి మార్చడం పద్మ చేసిన ఉపకారం. నాగార్జునగారు దానిని తాళం వేసి దాచుకోలేదు. పద్మను ఆధారం చేసుకొని వీవెన్‌గారు 2006లో లేఖినిని నిలబెట్టినారు. ఎందరో తెలుగువారు మొదటిసారి కంప్యూటరులో తెలుగు వ్రాసుకొన్నది లేఖినిలోనే. ఒకరి మెట్టు మీద మరొకరు మెట్టు కట్టినారు, మనం పైకి ఎక్కినాము.

ఇంకొకటి. 'స్త్రీ' అనే అక్షరం కంప్యూటరుకు ఒక అక్షరం కాదు, వరుసగా పేర్చిన ఆరు సంకేతాలు. వాటిని చూచి ఏది పైన, ఏది క్రింద, ఏది ప్రక్కన అని అమర్చేవాడు ఒకడుండాలి. ఆ పని చేసే గ్రంథాలయాలలో హార్ఫ్‌బజ్ ముఖ్యమైనది. దానిని తీర్చిదిద్దినవారిలో ప్రధానుడు ఇరాన్ దేశీయుడైన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్. ఆండ్రాయిడ్ ఫోనులలో, ఫైర్‌ఫాక్సులో, క్రోములో, లిబ్రే ఆఫీసులో అదే పనిచేస్తున్నది. మన ఊళ్ళలో పిల్లలు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు చదువుకొంటారు. రెండు లిపులనూ ఆ ఒక్క గ్రంథాలయమే కూర్చిపెడుతున్నది. కైవారం తాతయ్యగారు తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన నేల మీద ఇది ముచ్చటైన సంగతి కాదా!

అందరూ ఒకే భాగాన్ని నమ్ముకొన్నప్పుడు ప్రమాదమూ అందరిదీ అవుతుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం ఒక విధమైన సంకేతాల కూర్పుతో ఐఫోనులో కనిపిస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. జ్ఞానంలోని జ్ఞా! తప్పు మన అక్షరంలో లేదు, ఆపిల్ సంస్థవారి స్వంత అమరికలో ఉన్నది. అది బయటివారు విప్పి చూచుకోగలిగినది కాదు. ఫిబ్రవరి 19న ఆ సంస్థే సవరణ విడుదల చేసినది. ఒక్కచోటి తప్పుతో ఎన్నో యాప్‌లు పడిపోయినాయి. ఒక్కచోట దిద్దితే అన్నీ లేచినాయి. ఉమ్మడి భాగానికి ఉన్న బలమూ బలహీనతా అదే.

తెరచి ఉన్నవాటికి తప్పులు ఉండవని నేను అనను. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె అనే గ్రంథాలయంలో పెద్ద లోపం బయటపడినది. అది చేసేది రోజువారీ దినచర్య వ్రాసిపెట్టడం వంటి చిన్న పని. ఆ చిన్న కిటికీ గుండా పరాయివాడు ఇంట్లో జొరబడగలడని తేలినది. దానిని కాపాడుతున్నది కొద్దిమంది స్వచ్ఛంద సేవకులు. దాని మీద ఆధారపడినవి ప్రపంచంలోని మహా సంస్థలు. అప్పుడు నేను పనిచేస్తున్న కార్యాలయంలో మా పెద్ద అధికారి అడిగిన మొదటి ప్రశ్న, "అది మన దగ్గర ఉన్నదా?" అని. నేను తెల్లబోయినాను. మా ప్రోగ్రాములో ఏమేమి తెచ్చి పెట్టుకొన్నామో పట్టిక వ్రాసి పెట్టవలసినవాడిని నేనే. వ్రాయలేదు. రెండు రాత్రులు నిద్ర లేకుండా వెదికినాము. మేము నేరుగా తెచ్చుకోలేదు గాని, మేము తెచ్చుకొన్న మరొకదాని కడుపులో అది దాగి ఉన్నది. ఊరివారి లెక్కలు, పేర్లు మా చేతిలో ఉన్నవి. ఏ నష్టమూ జరుగలేదు. అది నా అదృష్టమేగాని నా గొప్పతనం కాదు.

2024 మార్చిలో ఇంకొక పాఠం దొరికినది. ఎక్స్‌జెడ్ అనే గ్రంథాలయాన్ని చాలాకాలం ఒక్క మనిషే మోస్తూ అలసిపోయినాడు. సహాయం చేస్తానని వచ్చినవాడు ఏండ్ల తరబడి నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి ఒకటి పెట్టినాడు. లోపలికి వెళ్ళడానికి అరసెకను ఎక్కువ పడుతున్నదేమని అనుమానించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూచినాడు. తెరచి ఉన్నది గనుక చూడగలిగినాడు. అది పెద్దగా వ్యాపించకముందే పట్టుబడినది.

ఆ వార్త చదివినప్పుడు నాకు మన చెరువులు గుర్తుకు వచ్చినాయి. నీరుగంటి తూము తీసి వంతుల ప్రకారం మడులకు నీరు వదిలేవాడు. ఊరంతా కలిసి పూడిక తీసేవారు. నీరు అందరిదే, కాని పంట చేతికి వచ్చినప్పుడు నీరుగంటికి కొలిచి ఇవ్వడం మర్యాద. నీరు పారించుకొని నీరుగంటిని మరచిపోయిన ఊళ్ళో కట్ట తెగకుండా ఎన్నాళ్ళుంటుంది?

కనుక ఈ పనిలో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నా మనవి నాలుగు మాటలే. ఏదైనా తీసుకొనేముందు దాని అనుమతి పత్రం చదవండి. తీసుకొన్నవాటి పట్టిక వ్రాసి పెట్టుకొని, సవరణలు వచ్చినప్పుడల్లా మార్చుకోండి. నాలుగు వరుసలతో మీరే చేసుకోగల పనికి పరాయి ఇల్లు తొక్కకండి. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల ముక్కను దాని కర్త వెనక్కి తీసుకొంటే, దానిని నమ్ముకొన్న ప్రోగ్రాములు ఎన్నో నిలిచిపోయినాయి. చివరిది అన్నిటికన్న ముఖ్యం: ఏదో ఒకటి తిరిగి ఇవ్వండి. దుడ్డే ఇవ్వనక్కరలేదు. తప్పు కనిపిస్తే తెలియజేయండి, చేతనైతే దిద్ది పంపండి. తెలుగు, కన్నడం రెండూ వచ్చిన మీరు వాటి మాటలను మన భాషలలోకి తెచ్చిపెట్టినా గొప్ప సేవయే.

మన నంది కొండల దగ్గర పుట్టిన పెన్న నెల్లూరు పొలాలను తడిపి సముద్రంలో కలుస్తుంది. మా బాగేపల్లి చిత్రావతి కూడా తెలుగు సీమకు వెళ్ళి ఆ పెన్నలోనే కలుస్తుంది. మనం అక్కడినుండి ఇక్కడికి వచ్చినాము, నీరు ఇక్కడినుండి అక్కడికి పోతున్నది. ఇచ్చిపుచ్చుకోవడం ఈ నేలకు కొత్తది కాదు.

పెదనాన్నా, మీరు ఇక్కడే మూడవ వరుసలో కూర్చున్నారు. ఇదిగో నా జవాబు. అది దొంగతనం కాదు, అప్పు. ఇచ్చినవాడు అడగని అప్పు. అడగలేదు గదా అని ఎగ్గొట్టితే మాత్రం మీరన్న మాటే నిజమవుతుంది. నా వంతు తీర్చడం నేను మొదలుపెట్టినాను.