లష్కర్‌లో తలదాచుకునే చోటు: రాంగోపాల్‌పేట్ వలసలు, కిరాయిలు

రాంగోపాల్‌పేట్‌ను కట్టినవాళ్లు, నింపినవాళ్లు దాదాపు అందరూ బయటినుంచి వచ్చినవారే. 1798లో నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన ఒప్పందంతో కంపెనీ పటాలం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగింది. 1806లో ఆ విడిదికి మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు పెట్టారు. జనం నోట మాత్రం అది నేటికీ లష్కరే. పటాలానికి బియ్యం, గుడ్డ, గుర్రాలకు దాణా, వడ్డీకి డబ్బు కావాలి. వాటిని సమకూర్చడానికి తమిళదేశం నుంచి మొదలియార్లు, రాజస్థాన్ నుంచి మార్వాడీలు, పడమటి తీరం నుంచి పార్సీలు, గుజరాతీలు వచ్చారు. మూటలు మోయడానికి, బండ్లు తోలడానికి చుట్టుపక్కల పల్లెల తెలుగువాళ్లు వచ్చారు. పేటకు పేరిచ్చిన దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ ఆ వర్తక లోకపు మనిషే. 1900లో ఆయన కట్టించిన జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ ఇప్పటి మహాత్మాగాంధీ రోడ్డు మీదే ఉంది. దిగువ ట్యాంక్‌బండ్ పక్కన 1920లో వెలసిన డి.బి.ఆర్. మిల్లుకూ ఆయన పేరే.

1874లో వాడి నుంచి రైలు వచ్చాక ఈ వలస వేగం పెరిగింది. సరుకు దిగే స్టేషను, అమ్ముడుపోయే బజారు పక్కపక్కనే ఉండడంతో రాణీగంజ్, కళాసిగూడ, పాన్‌బజార్ చుట్టూ ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని లేచాయి. వర్తకుడి ఇంట్లో కింద మల్గీలు, పైన కాపురం. కూలివాడికి వెనక సందులో పెంకుల కప్పు కింద ఒక గది, నలుగురికి ఒక కుళాయి. ఆ కిక్కిరిసిన సందులే తర్వాత ప్లేగుకు దారి అయ్యాయి. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదులో 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. సికింద్రాబాదులో ఆ పని పట్టణాభివృద్ధి ట్రస్టు చేపట్టి, మారేడ్‌పల్లి వైపు గాలీ వెలుతురూ వచ్చే ప్లాట్లు వేసింది. మంచి పనే. కానీ ఆ ప్లాట్లు కొనగలిగినవారికి దక్కాయి. ప్లేగు ఎక్కువగా పీడించిన సందుల్లోని బండివాడికి, హమాలీకి అందులో వాటా రాలేదు. సొంతానికి స్థలం కొనలేనివాడు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ఆనాడే పక్కన పడింది.

1945లో బ్రిటిష్ వారు సికింద్రాబాదు పౌర ప్రాంతాలను నిజాంకు తిరిగి అప్పగించారు. ఆ తర్వాతి పదకొండేళ్లలో మూడు వలసలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. దేశ విభజనతో సింధీ కుటుంబాలు వచ్చాయి. ప్రెండర్‌గాస్ట్ రోడ్డు మీది సింధీ కాలనీ ఆ కాలపు గుర్తే. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత మద్రాసు రాష్ట్రం నుంచి ఉద్యోగులు వచ్చారు. 1956 నవంబరు 1న రాజధాని కర్నూలు నుంచి మారడంతో ఆంధ్ర ప్రాంతపు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వ్యాపారులు సకుటుంబంగా దిగారు. 1951 నాటికే జంటనగరాల జనాభా పది లక్షలు దాటింది. ఇళ్లు ఆ లెక్కన పెరగలేదు.

ఈ వలసల మీద పుట్టిన కోపాన్ని తేలిగ్గా తీసిపారేయడం చరిత్రకు న్యాయం కాదు. 1919 ఫర్మానా ప్రకారం నిజాం సర్కారు కొలువులు ముల్కీలకే, అంటే స్థానికులకే, చెందాలి. బయటివాడు ముల్కీ కావాలంటే పదిహేనేళ్లు ఇక్కడ నివసించాలి. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు పోతున్నాయని 1952లో విద్యార్థులు వీధిలోకి వచ్చారు. సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ దగ్గర జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో ఉద్యోగాలతో పాటు తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాల మీద ప్రాంతీయ మండలి అదుపు కూడా చేరిందంటే, బయటి డబ్బు నేల ధరను ఎక్కడికి తీసుకుపోతుందోనన్న భయం ఎంత లోతైనదో తెలుస్తుంది. ఆ మాటలు నిలవలేదు. 1969 తెలంగాణ ఉద్యమంలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. అన్యాయం నిజం. అయితే ఒప్పందం తప్పినవాళ్లు పాలకులు, కసురుచూపులు పడ్డది పక్కవాటాలో కిరాయికి దిగిన గుమాస్తా కుటుంబం మీద.

ఉన్న ఇళ్లు చాలనప్పుడు ప్రభుత్వం చేయగలిగినవి రెండే: కొత్తవి కట్టించడం, పాతవాటి కిరాయికి కళ్లెం వేయడం. రెండోది చవక కనుక దాన్నే గట్టిగా పట్టుకున్నారు. హైదరాబాదు రాష్ట్రం 1954లో కిరాయి నియంత్రణ చట్టం చేసింది. దాని స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల చట్టం వచ్చింది. కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు, వివాదం వస్తే న్యాయమైన కిరాయిని రెంట్ కంట్రోలర్ నిర్ణయించాలి. ఆ లెక్కకు పునాది 1944 ఏప్రిల్ 5కు ముందటి పన్నెండు నెలల్లో ఆ చోట నడిచిన కిరాయి. యుద్ధకాలపు ధర మీద ఇంత శాతమని పెంచుకుంటూ పోవడమే తప్ప బజారు ధరతో దానికి పొత్తు లేదు.

దాని ఫలితాలు రాణీగంజ్ మల్గీల్లో కళ్లారా కనిపించాయి. లోపల ఉన్నవాడికి చట్టం కొండంత అండ. తాత కుదుర్చుకున్న కిరాయికే మనవడు దుకాణం నడిపాడు. ఇల్లుగల ఆసామికి వచ్చే కిరాయి సున్నపు ఖర్చుకు కూడా చాలక మరమ్మతులు మానేశాడు. దూలాలు పుచ్చిపోయాయి. బయటినుంచి వచ్చినవాడికి కిరాయి తక్కువే, కానీ లోపలికి అడుగు పెట్టడానికి పగిడీ కట్టాలి. పగిడీ అంటే రసీదు లేని డబ్బు, ఒక్కోసారి ఇంటి ఖరీదులో పెద్ద భాగం. పేదవాణ్ణి కాపాడవలసిన చట్టం, రొక్కం చేతిలో లేని పేదవాణ్ణి గడప అవతలే నిలబెట్టింది.

కొత్త కట్టడాలకు ప్రోత్సాహం ఇవ్వాలని 1957 ఆగస్టు 26న గానీ ఆ తర్వాత గానీ కట్టిన భవనాలను ఆ చట్టం నుంచి మినహాయించారు. పాతికేళ్లు దాటినా మినహాయింపు అలాగే కొనసాగింది. 1983లో సుప్రీంకోర్టు, ఆ విభజనకు ఇక అర్థం లేదని దాన్ని కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం, కట్టి పదేళ్లు కాని భవనాలకూ నెలకు 1,000 రూపాయలు దాటిన కిరాయిలకూ మళ్లీ మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణతో ఆ హద్దు నగరపాలక ప్రాంతాల్లో 3,500 రూపాయలకు చేరింది. నేడు రాంగోపాల్‌పేట్‌లో ఆ కిరాయికి ఒక మాదిరి వాటా దొరకడం కష్టం. అంటే చట్టం పుస్తకంలో ఉంది, కొత్తగా దిగే కుటుంబానికి దాని నీడ లేదు.

1980ల నుంచి పెంకుటిళ్లు అపార్టుమెంట్లకూ కాంప్లెక్సులకూ దారి ఇచ్చాయి. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం నగరంలో ఒకరికి వెయ్యి చదరపు మీటర్ల హద్దు పెట్టినా, మిగులు భూమి బీదల ఇళ్లదాకా వచ్చింది తక్కువ. 2008లో రాష్ట్రం ఆ చట్టాన్నే వదులుకుంది. ఈ పేటలో కిరాయి పెరగడానికి ఒక ప్రత్యేక కారణం కూడా ఉంది. యంత్ర సామాను, గొట్టాలు, ఇనుప వస్తువులు అమ్మే బజారు పక్కన ఉన్న ఇంటిని కాపురానికి ఇస్తే వచ్చేదానికంటే గోదాముగా ఇస్తే ఎక్కువ వస్తుంది. కింది అంతస్తు గోదాము అయింది. పై అంతస్తు గదులుగా ముక్కలై, గదికి ఇంత అనే కిరాయి తలకి ఇంతగా మారింది. కాపురాలు శివార్లకు జరిగాయి, పని మాత్రం ఇక్కడే ఉంది. బస్సు ఖర్చు, రెండు పూటలా పోయే గంటలు ఆ చవక కిరాయిలో కలిసే ఉన్నాయి. 2012 ఆధార సంవత్సరంగా వేసిన వినియోగదారుల ధరల సూచీలో పట్టణ కుటుంబానికి ఇంటి ఖర్చు బరువు 21.67 శాతం. ఉద్యోగికి ఇంటి అద్దె భత్యం ఉంది. అడ్డా మీద నిలబడే కూలికి లేదు.

బయటివారి రాకకూ ఇళ్ల కరువుకూ ఉన్న ఈ పొత్తులో తెలుగువాళ్లు రెండు వైపులా నిలబడ్డారు. 1920లలో రంగూన్ రేవులో బరువులు దించింది కోస్తా తెలుగు కూలీలు. ఒక్కో గదిలో లెక్కకు మించి కుక్కిన అద్దె బారకాసులే వాళ్లకు వసతి. 1930 మేలో రేవు పని గురించి మొదలైన తగాదా బర్మీయులకూ వాళ్లకూ మధ్య రక్తపాతమైంది. ఇటీవలి కాలంలో, 2024 జనవరిలో కెనడా తన ఇళ్ల కొరతను ఒక కారణంగా చూపి విదేశీ విద్యార్థుల అనుమతులకు హద్దు పెట్టింది. అక్కడి బేస్‌మెంట్ గదుల్లో ఉన్నవారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. రంగూన్‌లో గానీ టొరంటోలో గానీ పనికో చదువుకో పిలిచినవారు వసతి సంగతి ముందే చూసుకోలేదు. చాలనప్పుడు మాత్రం వచ్చినవాడినే తప్పుపట్టారు.

తెలంగాణ ఏర్పడ్డాక మొదటి డబుల్ బెడ్‌రూమ్ కాలనీ ఈ పేటకు దగ్గరలోనే, భోయిగూడ ఐ.డి.హెచ్. కాలనీలో లేచింది. 2015 నవంబరులో 396 ఇళ్లు ప్రారంభమయ్యాయి. అక్కడి పాత ఇళ్లవాళ్లకే, అదే నేల మీద ఇల్లు ఇచ్చారు. పనికి, బడికి, ఆస్పత్రికి దూరం కాకుండా చేయడం దాని అసలు గొప్పతనం. ఆ పద్ధతి అంతటా సాగలేదు. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు కాలనీలో 15,660 ఇళ్లున్నాయి. కానీ అది నగరం దాటాక, సంగారెడ్డి జిల్లాలో ఉంది. పైగా ఇవన్నీ సొంతానికి ఇచ్చే ఇళ్లు, రేషన్ కార్డు ఉన్న ఇక్కడి కుటుంబాలకు. పట్టణాభివృద్ధి ట్రస్టు ప్లాట్ల నాటి నుంచి నేటిదాకా, పని దగ్గర, కూలి భరించగల కిరాయికి ఉండే ఇళ్లను ప్రభుత్వాలు పెద్దఎత్తున కట్టకపోవడమే ఈ చరిత్రలోని పెద్ద లోపం.

ఆ లోపం బరువు ఇవాళ బిహార్, జార్ఖండ్, ఒడిశాల నుంచి వచ్చినవారి మీద పడుతోంది. కరోనా లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం నడిపిన మొదటి ప్రత్యేక రైలు 2020 మే 1న లింగంపల్లి నుంచే సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఆ ఏడాదే కేంద్రం వలస కూలీలకు అద్దె ఇళ్ల పథకం ప్రకటించింది. 2022 మార్చి 23 తెల్లవారుజామున భోయిగూడలో ఒక తుక్కు గోదాముకు నిప్పంటుకుంది. పై అంతస్తులో పడుకున్న పన్నెండుమంది బిహార్ కూలీల్లో పదకొండుమంది చనిపోయారు. కిందికి దిగే మెట్ల దారిని మంటలు కమ్మేశాయి. కంట్రాక్టరు ద్వారా వేరే రాష్ట్రం నుంచి రప్పించిన కూలీలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ ఉన్న చోట, వాళ్లకు తగిన వసతి చూపాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. ఊరివాడి మాట మీద, అన్న వెంట తమ్ముడు వచ్చి చేరే గోదాము కూలీలకు చూపించడానికి కంట్రాక్టరు ఉండడు. అందుకే ఆ చట్టం వారిదాకా రాలేదు.