పసిరాజుల పేరిట పాలన

జగదల్‌పూర్ తెలుగువారి మధ్య ఇది మాస్టారి స్మారకోపన్యాసం. ఆయన జీవిత విశేషాలు నిర్వాహకులు ముందు పేజీల్లో అచ్చు వేశారు కనుక మళ్లీ చెప్పను. నాకు బాగా గుర్తున్నది ఆయన పెన్సిలు. ఏ వ్యాసం పంపినా "దానం జరిగింది", "నిర్ణయం వెలువడింది" అన్నచోటల్లా గీత గీసి, అంచున "ఎవరు చేశారు?" అని రాసి తిప్పి పంపేవారు. ఆ ప్రశ్ననే ఇవాళ హైదరాబాదు గోషామహల్ బారాదరిలోని ఫ్రీమేసన్ల లాడ్జి మీద వేస్తాను.

మేసన్ల సోదర సంఘం కథ మీకు తెలిసిందే. మన దేశంలో అది 1730 ప్రాంతంలో కలకత్తా ఫోర్ట్ విలియంలో మొదలై, దొరలు దిగిన ప్రతి ఊరికీ చేరింది. తలుపులు మూసి తంతు జరిపేవారు కనుక జనం ఆ భవనాలను జాదూఘర్ అన్నారు, భూత్ బంగళా అన్నారు. 1961లో భారతీయ గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. ఇందులో నాకు పేచీ లేదు.

పేచీ అంతా 1872 దగ్గర. గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో, 1682లో కట్టిన ఆ బారాదరిని 1872లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా మేసన్లకు బహూకరించాడని ఇప్పటికీ రాస్తున్నారు. నేను ఒప్పుకోను. మహబూబ్ అలీ పుట్టింది 1866 ఆగస్టులో. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో పోయేనాటికి పిల్లవాడికి మూడేళ్లు నిండలేదు. 1872లో ఐదో, ఆరో. రాజ్యం నడిపింది దివాను మొదటి సాలార్‌జంగ్, ఆయనతోపాటు సహ రీజెంటుగా షంసుల్ ఉమ్రా. పూర్తి అధికారాలు 1884 ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పన్ చేతుల మీదుగా గాని నిజాముకు రాలేదు. అప్పటికి సాలార్‌జంగ్ పోయి ఏడాది.

రాజ్యంలో ప్రతి ఉత్తర్వూ నిజాం పేరిటే కదా అంటారు. అది చట్టం మాట. నేనడిగేది, తలచుకున్నది ఎవరు, లాభనష్టాలు బేరీజు వేసింది ఎవరు అని. ఇంత చిన్న సంగతికి రాద్ధాంతం ఎందుకని ఇంకొందరు. చిన్నది కాదు. 1853 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ల అజమాయిషీలోకి పోయిన నిజాం ప్రాంతం బేరారును తిరిగి రాబట్టాలని సాలార్‌జంగ్ ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. 1876లో ఇంగ్లండు వెళ్లినప్పుడూ ఆ ఆశ విడవలేదు. సైనికాధికారులూ సివిల్ అధికారులూ అన్నదమ్ముల్లా కూర్చునే సంఘానికి పాత రాజమందిరం అప్పగించడం అటువంటి దివాను ఊరికే చేసిన పని కాదని నా వాదన. అదే 1872లో కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్తు అనే హిందువు ఏళ్ల పోరాటం తర్వాత లాడ్జిలో చేరగలిగాడు. ఆ గుమ్మం ఎవరికి తెరుచుకుంటుందన్నదే అప్పటి రాజకీయం. బహుమతిని పసివాడి ఖాతాలో వేస్తే ఆ రాజకీయం కనపడకుండా పోతుంది.

నేనిప్పుడు రాస్తున్న బస్తరు పుస్తకానికీ మూలం ఈ ప్రశ్నే. 1891లో బస్తరు రాజు భైరమ్‌దేవ్ పోయేసరికి వారసుడు రుద్రప్రతాప్ దేవ్ ఆరేళ్లవాడు. అధికారం చేతికొచ్చింది 1908లో. మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేయాలన్న 1905 ప్రతిపాదన రాజు మైనరుగా ఉండగా వచ్చింది. అప్పుడు పాలన చూసినవాడు పండా బైజ్‌నాథ్, ఆయన వెనక బ్రిటిష్ సర్కారు. 1910 భూంకాల్ తిరుగుబాటులో మామిడి కొమ్మ, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణం పిలుపుగా ఊరూరా తిరిగాయి. నాయకుడు గుండాధుర్ వెంట నడిచినవాళ్లకు తమ పోడు ఎవరు ఆపారో, వేట ఎవరు మాన్పించారో తెలుసు. కొన్ని పుస్తకాల్లో మాత్రం అది రాజు మీద తిరుగుబాటుగా మిగిలిపోయింది.

తర్వాతా అంతే. 1921లో బాలిక ప్రఫుల్ల కుమారీ దేవి, 1936లో ఏడేళ్ల ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ గద్దెకు వచ్చారు. స్వాతంత్య్రానికి ముందు బస్తరు ఖనిజాలను నిజాం రాజ్యానికి కౌలుకిచ్చే ప్రయత్నం సాగిందని, సంస్థానాల విలీనంలో పనిచేసిన వి.పి. మీనన్ రాశాడు. ఆ బేరం కుదర్చబోయింది ఎవరన్నది నా పుస్తకంలో చివరి అధ్యాయం.

దానికి మీ సాయం కావాలి. భోపాలపట్నం, కొంటా, బీజాపూర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ఇళ్లలో పాత పట్టాలు, అడవి పన్ను రసీదులు ఉంటే చూపించండి. ఫొటో తీసుకుని అసలు కాగితం మీ చేతికే ఇచ్చేస్తాను. నాకు కావలసింది రాజముద్ర కాదు, దాని కింద సంతకం చేసిన అధికారి పేరు.