ఒకే ఇంజను - వేర్వేరు బండ్లు
(పాఠశాల వార్షికోత్సవ సభలో విద్యార్థులనుద్దేశించి చేసిన ఉపన్యాసము)



ఈ వేదికపై సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట వాడుక. మేము మోటారుసైకిళ్ళను గూర్చి మాటలాడెదమనగా కార్యదర్శిగారు కొంతసేపు మౌనము వహించి, పిదప "కానిండు" అనిరి. వారికి కృతజ్ఞులము.

తిరువొత్తియూరు అనగానే మన పెద్దలకు త్యాగరాజస్వామి త్రిపురసుందరిపై చెప్పిన కీర్తనలు స్ఫురించును; మీకు బుల్లెట్టు స్ఫురించును. రెంటికిని ఆ యూరితో సంబంధము కలదు. ఇంగ్లండులో 1901లో తొలి మోటారుసైకిలును చేసిన రాయల్ ఎన్‌ఫీల్డు వారు 1955లో మద్రాసు మోటార్సు వారితో కలసి ఎన్‌ఫీల్డు ఇండియాను నెలకొల్పిరి. తిరువొత్తియూరులో కర్మాగారము వెలసెను. ఇంగ్లండులో ఆ బండ్ల తయారీ నిలిచిపోయిన పిదప కూడ ఇచ్చట బుల్లెట్టు తయారగుచునే యుండెను.

నేడు ఆ సంస్థ బండ్లు పెక్కు తీరులలో వచ్చుచున్నవి. వానిలో ఏది మేలైనదని మీలో పలువురు మమ్ము అడిగిరి. ఆ ప్రశ్నలోనే చిన్న పొరపాటు కలదు. 2020లో వచ్చిన మీటియరు, 2021లో వచ్చిన క్రొత్త క్లాసిక్కు, 2022లో వచ్చిన హంటరు, 2023లో వచ్చిన క్రొత్త బుల్లెట్టు - ఈ నాల్గింటియందును ఉన్నది ఒకే 349 సి.సి. ఇంజను, ఇరువది అశ్వశక్తికి కొంచెము పైచిలుకు. పొయ్యి యొక్కటే, వంటలు వేరు. భేదమంతయు కూర్చుండు తీరులోను, చక్రములలోను ఉన్నది.

క్లాసిక్కుపై నిటారుగా, బల్లమీద కూర్చున్నట్లు కూర్చుందుము. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. మీటియరు సీటు 765 మాత్రమే. ఒకటిన్నర అంగుళముల తేడాయే గదా అనుకొందురేమో. పొట్టివానికి అది పాదము పూర్తిగ నేలనానుటకును, మునివ్రేళ్ళపై నిలుచుటకును గల తేడా. అయితే మీటియరున పాదములు ముందుకు చాచి ఉంచవలెను. దూరప్రయాణమున అది సుఖమే. కాని గుంట వచ్చినపుడు ఫుట్‌రెస్టులపై లేచి నిలుచుట కుదరదు. ఆ దెబ్బ తిన్నగా నడుమునకు తగులును. హంటరునకు రెండు చక్రములును 17 అంగుళములవే, బరువును తక్కువ. సందులలో చురుకుగా తిరుగును. క్లాసిక్కు ముందు చక్రము 19 అంగుళములు. పెద్ద చక్రము గుంటను సులువుగా దాటును, మలుపునకు కొంత తాపీగా ఒదుగును. నగరమునందే తిరుగువారికి మేము హంటరునే చెప్పుదుము, దాని రూపము మాకంతగా నచ్చకపోయినను.

ఇచ్చట మా అవివేకమును చెప్పుకొనక తప్పదు. యౌవనమున ఒక బొమ్మను చూచి ఎత్తైన బండి నొకదానిని కొంటిమి. దాని పేరు చెప్పము. తప్పు దానిది కాదు, మాది. ఒకనాటి సాయంకాలము మా తల్లిగారిని వెనుక కూర్చుండబెట్టుకొని వచ్చుచు, దారి ప్రక్కన ఇసుకలో బండి నాపితిమి. పాదము నేలను వెదకెను, నేల చిక్కలేదు. బండి మెల్లగా, మిక్కిలి మెల్లగా ఒరిగెను. ఆమె మణికట్టు విరిగినది. వైద్యుడు అడిగినపుడు "మెట్టు జారినది" అని ఆమె చెప్పినది. మేము ప్రక్కనే నిలుచుండి ఊరకుంటిమి.

అందువలననే హిమాలయనును గూర్చి మీరు ఉత్సాహముతో అడుగునపుడు మాకు గుండె జంకును. 2023లో వచ్చిన దానికి 452 సి.సి. ఇంజను, ముందు 21 అంగుళముల చక్రము, నేలనుండి 230 మిల్లీమీటర్ల ఎడము. లేచి నిలిచి నడుపుటకు అనువుగా ఫుట్‌రెస్టులు సరిగా కాళ్ళ క్రిందనే ఉండును. కొండదారికి తగినది, సందేహము లేదు. సీటు మాత్రము 825. కాళ్ళు పొడవైనవారు దానిని నిస్సంశయముగా కోరవచ్చును.

2018లో వచ్చిన ఇంటర్‌సెప్టరు, కాంటినెంటల్ జి.టి. అనునవి అన్నదమ్ములు. రెంటికిని 648 సి.సి. ఇంజనే. ఇంటర్‌సెప్టరు హ్యాండిలు వెడల్పు, జి.టి.ది క్రిందుగా ఉండును. జి.టి.పై ముందుకు వంగి కూర్చుండవలెను. వేగమున ఎదురుగాలి రొమ్మునెత్తి పట్టును గాన చేతులకు శ్రమ తగ్గును. అదే బండిపై ఉదయము తొమ్మిది గంటలకు అన్నాసాలైలో నిలిచి చూడుడు! గాలి లేదు, శరీరభారమంతయు మణికట్లపైననే.

మీలో పదునెనిమిదేండ్లు నిండనివారికి గేరుల మోటారుసైకిలు నడుపుటకు అనుమతిపత్రము లభింపదు. మంచిదే, చూచుకొనుటకు వ్యవధి యున్నది. సభానంతరమున వేపచెట్టు క్రింద మూడు బండ్లు నిలిపియుంచితిమి. ఒక్కొక్కరుగా ఎక్కి కూర్చుండి, వెనుక ఒక స్నేహితుని కూర్చుండబెట్టుకొని, రెండు పాదములును నేలనానునో లేదో చూచుకొనుడు. తాళపుచెవులు మాత్రము మా జేబులోనే యుండును.